ఆదివారం పఠనం మీ వంతు వస్తే

చర్చిలో ఆదివారం పూజలో బైబిలు భాగం అందరికీ వినిపించేలా చదివే వంతు నాకు మొదటిసారి పెంతెకోస్తు పండుగనాడు వచ్చింది. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం, జాతుల పేర్లూ ఊళ్ల పేర్లూ వరుసగా వచ్చే చోటు. పార్తీయులు, మాదీయులు గట్టెక్కాను గానీ ఫ్రుగియ, పంఫులియ దగ్గర నాలుక మడతపడింది. ముందు వరుసలో పిల్లలు కిసుక్కుమన్నారు. అప్పటినుంచి గురువారమే బైబిలు తీస్తున్నాను.

మీకిచ్చిన భాగం ఒక్కటే చదివి ఊరుకోకండి. దాని ముందూ వెనకా ఏముందో చూడండి. పౌలు రోమీయులకు రాసిన పత్రిక (రోమా) 8వ అధ్యాయం 'కాబట్టి' అని మొదలవుతుంది. ఆ కాబట్టికి కారణం 7లో ఉంది: మేలు చేయాలనుకుంటూనే కీడు చేస్తున్నానని పౌలు పడే బాధ. అది తెలిశాక మొదటి వాక్యం మీ గొంతులో వేరేగా పలుకుతుంది. మా కథోలిక విచారణల్లో (అంటే ఒక్కో చర్చి పరిధిలోని సంఘాల్లో) ఆదివారం పఠనాలు మూడేళ్లకోసారి తిరిగి వస్తాయి. 'సాధారణ కాలం' అని పిలిచే, పెద్ద పండుగల కాలాలు కాని వారాల్లో మొదటి పఠనాన్ని సువిశేషానికి (యేసు జీవితం చెప్పే పఠనానికి) జతగా ఎంచుతారు కాబట్టి ఆ రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

తర్వాత పైకి చదవండి. పేర్లను పెన్సిలుతో విడగొట్టుకోండి: పం-ఫు-లి-య. ఎక్కడ ఆగాలో చిన్న గీత పెట్టుకోండి. నటించక్కర్లేదు, యెషయా ప్రవక్తలా గర్జించాల్సిన పని అసలే లేదు.

మైకు ఎత్తు పూజకు ముందే సరిచూసుకోండి. టెన్షన్‌గా ఉంటే చివరి బెంచీలో ఉన్న, చెవులు సరిగా వినిపించని పెద్దావిడకు చదువుతున్నట్టు చదవండి. వేగం దానంతటదే తగ్గుతుంది.