వాయుగుండాలు మొదలయ్యేలోపు బీము కింద దారం పట్టి చూడండి

నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతినడం అందరికీ గుర్తే. వాయుగుండం అనగానే టార్పాలిన్లు, డీజిలు, పాల ప్యాకెట్ల గురించి ఆలోచిస్తాం గానీ, నెత్తి మీదున్న శ్లాబును ఒకసారి తలెత్తి చూడం. సరిగా కట్టిన బీము చెప్పాపెట్టకుండా కూలదు. ముందు కిందికి దిగుతుంది, నడుమ పగులు చూపిస్తుంది. అది గమనించడానికి ఇదే సమయం, వాన పట్టాక కాదు.

దానికి నైలాన్ దారం, అంగుళం మందం చెక్కముక్కలు రెండు, ఒక స్కేలు చాలు. బీము అడుగున రెండు కొసల్లో గోడకు ఆనించి చెక్కముక్కలు పట్టుకుని, వాటి అడుగు మీదుగా దారాన్ని గట్టిగా లాగాలి. కొసల దగ్గర దారానికీ బీముకీ మధ్య అంగుళం ఖాళీ ఉంటుంది. నడిమధ్యలో ఆ ఖాళీ ఎంత తగ్గితే బీము అంత దిగినట్టు. కాంక్రీటు కట్టడాలకు మన దేశంలో పాటించే కోడు ఐఎస్ 456 ప్రకారం మొత్తం దిగుడు బీము పొడవులో 250వ వంతు దాటకూడదు. అంటే 12 అడుగుల బీముకు సుమారు 14 మిల్లీమీటర్లు, 16 అడుగులదానికి 19. అయితే పోత పోసేనాడే సెంట్రింగు (పచ్చి కాంక్రీటును మోసే చెక్కలు, కర్రలు) కాస్త దిగి ఉండొచ్చు, ప్లాస్టరింగులో మేస్త్రి సరిచేసి ఉండొచ్చు. కాబట్టి ఒక్క కొలత చూసి కంగారూ పడొద్దు, ధీమాగానూ ఉండొద్దు. తేదీ వేసి పక్క గోడ మీద పెన్సిలుతో రాసి పెట్టండి. నాలుగు రోజులు ముసురు పట్టాక మళ్లీ కొలవండి. అంకె పెరిగిందంటే ఇంజినీరును పిలవాల్సిందే.

హాలు పెద్దదిగా ఉండాలని మధ్య గోడ తీసేసిన ఇళ్లకు ఈ కొలత మరీ ముఖ్యం. అడుగుకు పడే బరువు అంతే ఉండి, బీము పొడవు రెట్టింపైతే అది దిగడం రెట్టింపు కాదు, పదహారు రెట్లు. బీము లోతు విషయం దీనికి తిరగేసి ఉంటుంది. ఆరంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న సెంట్రింగు చెక్కను పడుకోబెడితే ఎంత వంగుతుందో, నిలబెడితే అందులో తొమ్మిదో వంతే వంగుతుంది. చెక్క అదే, బరువు అదే. పది అడుగులకు వేసిన బీము ఇరవై అడుగులకూ ఆగుతుందని మేస్త్రి చెప్పినా నమ్మకండి.

ఇక బరువులు. మిద్దె మీద ఒక సెంటీమీటరు నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు పది కిలోలు. మనుషులు తిరిగే మిద్దెకు బరువుల కోడు ప్రకారం లెక్కగట్టే బరువు 150 కిలోలు కాబట్టి, ఐదు సెంటీమీటర్లు నిలిచినా మంచి శ్లాబుకు ఏమీ కాదు. వేపాకులు, కొబ్బరి పీచు అడ్డుపడి వాన గొట్టాలు మూసుకుపోయి, పిట్టగోడ లోపల అడుగు నీళ్లు నిలిస్తే మాత్రం అది 300 కిలోలు. పోయినసారి మిగిలిన ఇసుక, ఇటుకలు కూడా అక్కడే ఉంటే ఇంకా చెప్పేదేముంది. గొట్టాలు శుభ్రం చేయించండి, ఇసుక కిందికి దింపండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను. అది శ్లాబు నడుమ కాకుండా పిల్లర్ల దగ్గర ఉండాలి.

వరద భయంతో ఎడగారు ధాన్యం పైగదిలోకి చేర్చేవాళ్లకు ఒక లెక్క. ఇంటి గదికి కోడు ఇచ్చే బరువు చదరపు మీటరుకు 200 కిలోలు. ధాన్యం కొలిచే మన పుట్టి 850 కిలోలు. పదీ పదడుగుల గదిలో రెండు పుట్లు సమానంగా పరిస్తేనే ఆ లెక్క దాదాపు నిండిపోతుంది. కానీ మనం పరచం, గది మధ్యలో నెట్టు కడతాం. అదే బరువు పరిచినప్పటి కంటే నడుమ కుప్ప పెట్టినప్పుడు శ్లాబు మీద వంచే బలం రెట్టింపు పడుతుంది. కింద గోడలున్న చోట, గోడల వెంట తక్కువ ఎత్తులో సర్దండి.

అన్నిటికంటే నాకు భయం బాల్కనీలంటేనే. గదిలోని బీముకు అడుగున కడ్డీ ఉంటుంది, పగిలితే కింద కనబడుతుంది. బాల్కనీ ఒకవైపే గోడలో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి దాని సాగుడంతా పైన, గోడ మొదట్లో. కడ్డీ పైనే ఉండాలి, పగులూ పైనే వస్తుంది. అక్కడ మనం టైల్స్ వేసి ఉంటాం, కనబడదు. ఆ పగుల్లోంచే వాన నీరు దిగి కడ్డీని తింటుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పోత పోసేరోజు కూలీలు తొక్కి పై కడ్డీ ఒక అంగుళం కిందికి దిగినా నాలుగంగుళాల బాల్కనీ బలంలో సుమారు మూడో వంతు పోతుంది. ఆ రోజు చైర్లు (పై కడ్డీ కిందికి దిగకుండా ఆపే ఇనుప ఊతాలు) పెట్టారో లేదో మీరే నిలబడి చూడాలి. పాత బాల్కనీ అయితే గోడ మొదట్లో టైల్ జాయింటు విచ్చుకుందా, అంచు కిందికి వాలిందా, అడుగున తుప్పు చారలు, పెచ్చులు ఉన్నాయా చూడండి. ఏ ఒక్కటి ఉన్నా అంచు మీది పూలకుండీలు, వాషింగ్ మెషీన్ తీసేయండి. ఏరు పొంగిందని చూడ్డానికి పదిమంది ఒక్కసారి అక్కడికి చేరనివ్వకండి.

ఈ నెలల్లోనే పోత పోస్తున్నవాళ్లకు సెంట్రింగు టెన్షన్ ఉంటుంది. అద్దె రోజులెక్కన పెరుగుతుంటే తొందరగా ఊడదీద్దామనే చూస్తారు. మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌ల్యాండ్) సిమెంటుకు కోడు చెప్పేది ఇది: నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబుకు 7 రోజులు, దాటితే 14. ఆరు మీటర్ల లోపు బీముకు 14, దాటితే 21. మనకు ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి ఇంకొన్ని రోజులు ఆగండి. పచ్చి కాంక్రీటు మీద బరువు పడితే అప్పటికి నిలిచినా, తర్వాత ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. వానకు నేల మెత్తబడి సరుగుడు కర్రలు దిగబడతాయి, అడుగున వెడల్పాటి చెక్కలు వేయించండి.

రేకుల షెడ్లు, రొయ్యల మేత గోడౌన్లది వేరే సంగతి. రేకును మోసే ఇనుప ట్యూబులు దిగి రేకు పళ్లెంలా అయితే అక్కడ నీరు నిలుస్తుంది, ఆ నీటికి ఇంకా దిగుతుంది, ఇంకా నీరు చేరుతుంది. తుపాను గాలి మాత్రం రేకును పైకి పీకుతుంది, అందుకే జె-హుక్కులు, బోల్టులు ముందే బిగించాలి. గాలికి లేవకుండా ఇసుక మూటలు పెట్టేవాళ్లు వాటిని ట్యూబుల నడుమ కాకుండా, ట్యూబులను మోసే ట్రస్సు మీద పెట్టాలి.

కొలత పెరిగిన బీముకు ఊతం పెట్టేటప్పుడు జాకీతో పైకి లేపకండి. అక్కడ బీము పైభాగం సాగుతుంది, మధ్యలో పైన కడ్డీ సరిపడా ఉండదు, కొత్త పగులు వస్తుంది. జాకీ బీముకు తగిలి బిగుసుకుంటే చాలు. వానకు చెక్క తలుపులు ఉబ్బి బిగుసుకోవడం మామూలే. ఇనుప గ్రిల్లు, అల్యూమినియం కిటికీ కూడా పైన నడుమ ఒరుసుకుంటుంటే, సీలింగు నుంచి ఇసుక రాలుతుంటే, ఊతం సంగతి తర్వాత, ముందు ఇంట్లోవాళ్లను బయటికి తీసుకురండి.