తిరుపతి మిద్దె మీద స్ట్రాబెర్రీ: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మన ఎండలకి స్ట్రాబెర్రీ కాయదని చాలామంది తేల్చేస్తారు. కాస్తుంది, కాకపోతే చలికాలం పంటగానే చూడాలి. నవంబర్‌లో వానలు కాస్త తెరిపిచ్చినప్పుడు నాటితే జనవరి, ఫిబ్రవరిలో కోసుకోవచ్చు. పలమనేరు, కుప్పం వైపు రాత్రుళ్లు ఇంకా చల్లగా ఉంటాయి కాబట్టి వాళ్లకి సీజన్ కొంచెం పొడవు. ఆన్‌లైన్‌లో దొరికే విత్తనాల జోలికి వెళ్లకండి, మొలవడమే కష్టం. వింటర్ డాన్, స్వీట్ చార్లీ లాంటి రకాల పిలకమొక్కలు తెచ్చుకోండి.

మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం వాలిపోయింది

ముందు మొవ్వు చూడండి. ఆకులు పుట్టే ఆ మొదలు మట్టిలో పూడితే కుళ్లుతుంది, మరీ పైకి తేలితే వేర్లు ఎండిపోతాయి, సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి. మొక్కను మెల్లగా పైకి తీసినప్పుడు వేర్లు గట్టిగా ఉంటే సరైన లోతులో మళ్లీ నాటండి. నల్లగా, మెత్తగా చేతికి ఊడొస్తుంటే అది వేరుకుళ్లు, మట్టితో సహా తీసేయడమే. తుఫాను వానలప్పుడు కుండీలను సన్‌షేడ్ కిందికి జరపండి.

ఆకు అంచులు మాడిపోతున్నాయి, మట్టి మీద తెల్లటి పొర

ఎరువు తక్కువైందనుకుని ఇంకా వేస్తారు, దాంతో ఇంకా మాడుతుంది. చాలాసార్లు అసలు కారణం బోరు నీళ్లు. స్ట్రాబెర్రీ ఉప్పుకి అస్సలు ఓర్చుకోదు. ఇక ఆర్ఓ మెషీన్ నుంచి వృథాగా పోయే నీళ్లు మొక్కలకి పోస్తే మంచిదే కదా అనుకుంటాం గానీ, వాటిలో బోరు నీళ్లకంటే ఉప్పు ఎక్కువ, దయచేసి దీనికి మాత్రం పోయకండి. అక్టోబర్, నవంబర్ వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోండి. ఇప్పటికే పొర కట్టి ఉంటే ఆ నీళ్లే కుండీ అడుగు నుంచి బాగా కారేదాకా నిదానంగా పోసి ఉప్పుని కడిగేయండి.

ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకులు పసుపెక్కితే, ఇది కూడా బోరు నీళ్ల పనే: మట్టిలో క్షారం పెరిగి ఇనుము అందడం లేదు. చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకునే రూపంలో ఉన్న ఇనుము) తెచ్చి, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో పిచికారీ చేయండి. ముదురు ఆకులు పసుపెక్కితే నత్రజని లోపం కావచ్చు, గుప్పెడు వర్మీకంపోస్ట్ వేసి చూడండి.

ఆకులు గుబురుగా ఉన్నాయి, పూత లేదు

నత్రజని ఎక్కువైంది, లేదా ఎండ చాలడం లేదు. ఆరు గంటలు ఎండ తగలాలి. పాకే తీగలను కత్తిరించేయండి, మొక్క బలమంతా వాటికే పోతుంది. మార్చి తర్వాత పూత ఆగితే అది వేడి వల్లే, టెన్షన్ వద్దు.

కాయలు వంకర టింకరగా వస్తున్నాయి

పరాగసంపర్కం సరిగ్గా జరగలేదు. ఎత్తు మిద్దెల మీదికి తేనెటీగలు తక్కువగా వస్తాయి, మెత్తటి బ్రష్‌తో పువ్వు మధ్యలో చుట్టూ తిప్పండి.

ఆకు అడుగున సన్నటి బూజుగూడు, పైన తెల్ల చుక్కలు

ఎర్రనల్లి, అంటే ఆకు రసం పీల్చే సన్నటి పురుగు. ఎండ ముదిరే ఫిబ్రవరి చివర్లో ఎక్కువ. ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టి, సాయంత్రం వేపనూనె పిచికారీ చేయండి.

పండు మీద బూడిదరంగు బూజు

పండు తడి మట్టికి తగులుతోంది. మనకి చెనిక్కాయ తొక్కలకి కొదవ లేదు, వాటిని మొక్క చుట్టూ పరవండి, మొవ్వుని మాత్రం కప్పకండి. బూజు పట్టినవి వెంటనే తుంచి దూరంగా పారేయండి. కోశాక ఇది మాగదు కాబట్టి పూర్తిగా ఎర్రబడేదాకా మొక్క మీదే ఉంచాలి, ఈలోగా ఉడతలు, పిట్టలు వదలవు, కాయ రంగు తిరగ్గానే వల కట్టేయండి.