క్లౌడ్‌లోని రాబిట్‌ఎంక్యూకి కనెక్షన్ కుదరడం లేదా?

రాబిట్‌ఎంక్యూ అంటే అప్లికేషన్ల మధ్య మెసేజ్‌లు చేరవేసే బ్రోకర్. లోకల్‌లో బాగా నడిచిన అప్లికేషన్, బ్రోకర్‌ని క్లౌడ్‌కి మార్చగానే మొండికేస్తే వెంటనే కోడ్ జోలికి పోకండి. ఎర్రర్ పూర్తిగా చదివితే కనెక్షన్ ఏ దశలో ఆగిందో తెలిసిపోతుంది.

సమస్య: చాలాసేపు ఆగి టైమవుట్
కారణం: ఫైర్‌వాల్ లేదా సెక్యూరిటీ గ్రూప్ (క్లౌడ్‌లోని ఫైర్‌వాల్ నియమాలు) ప్యాకెట్లను మింగేస్తోంది.
పరిష్కారం: మీ ల్యాప్‌టాప్ నుంచి కాకుండా, అప్లికేషన్ నడిచే సర్వర్ నుంచే పోర్ట్ తెరిచి ఉందో లేదో చూడండి. ఆ సర్వర్ బయటికి వాడే ఐపీని అనుమతించండి.

సమస్య: కనెక్షన్ మొదలవగానే తెగిపోవడం
కారణం: 5672 సాదా పోర్ట్, 5671 టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్ ఉన్న) పోర్ట్. అమెజాన్ నడిపే బ్రోకర్ సేవ అమెజాన్ ఎంక్యూలోని రాబిట్‌ఎంక్యూ టీఎల్ఎస్ లేకుండా మాట్లాడదు.
పరిష్కారం: పోర్ట్‌తో పాటు యూఆర్ఎల్ మొదట్లో ఏఎంక్యూపీని (amqp://) ఏఎంక్యూపీఎస్‌గా (amqps://) మార్చండి. సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే కంటైనర్‌లో రూట్ సర్టిఫికెట్లు ఉన్నాయో లేదో చూడండి. చిన్న ఇమేజ్‌లలో చాలాసార్లు ఉండవు. వెరిఫికేషన్ ఆఫ్ చేస్తే పోతుందనే సలహా మాత్రం వినకండి.

సమస్య: 403 లేదా 530 ఎర్రర్ కోడ్
403 వస్తే లాగిన్ వివరాలు చూడండి. 3.3 వెర్షన్ నుంచి గెస్ట్ యూజర్ డిఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్‌కే పరిమితం. పాస్‌వర్డ్‌లో స్లాష్, హ్యాష్ లాంటివి ఉంటే యూఆర్ఎల్‌లో ఎన్‌కోడ్ చేయాలి. 530 అయితే గొడవ వర్చువల్ హోస్ట్‌ది (బ్రోకర్‌లో విడిగా పేరు పెట్టిన విభాగం): పేరు తప్పు, లేదా యూజర్‌కి అనుమతి లేదు. యూఆర్ఎల్ చివర ఒట్టి స్లాష్ వదిలేస్తే కొన్ని లైబ్రరీలు దాన్ని ఖాళీ పేరుగా చదువుతాయి.

సమస్య: కాసేపు నడిచి తెగిపోవడం
అసలు టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే టెస్టింగ్‌లో కనబడదు. కనెక్షన్ బతికే ఉందని రెండు వైపులా పంపుకునే చిన్న సంకేతమే హార్ట్‌బీట్; దాని గడువు డిఫాల్ట్‌గా 60 సెకన్లు. పైథాన్‌లో పికా లైబ్రరీ బ్లాకింగ్ కనెక్షన్ వాడుతూ, మెసేజ్ రాగానే నడిచే కాల్‌బ్యాక్ ఫంక్షన్‌లోనే నిమిషాల తరబడి పని చేస్తే హార్ట్‌బీట్ పంపే తీరిక దానికి ఉండదు. బ్రోకర్ మీరు పోయారనుకుని కనెక్షన్ మూసేస్తుంది. అప్పుడు చాలామంది హార్ట్‌బీట్‌ని 0 చేస్తారు, అంటే ఆపేస్తారు. దాంతో ఇంకో చిక్కు: మధ్యలో ఏడబ్ల్యూఎస్ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ ఉంటే, ఏ కదలికా లేని టీసీపీ కనెక్షన్‌ని అది డిఫాల్ట్‌గా 350 సెకన్లకు మరిచిపోతుంది. పనిని వేరే థ్రెడ్‌కి అప్పగించి, అక్‌ని (మెసేజ్ పని అయిపోయిందని బ్రోకర్‌కి చెప్పే జవాబు) మాత్రం కనెక్షన్ ఉన్న థ్రెడ్ నుంచే పంపడం సరైన దారి. రీకనెక్ట్ లాజిక్ ఎలాగూ ఉండాలి.

తెగేది సుమారు అరగంటకి, అదీ 406 ఎర్రర్ కోడ్‌తో అయితే హార్ట్‌బీట్‌కి సంబంధం లేదు. కొత్త వెర్షన్లలో మెసేజ్‌కి అక్ పంపే గడువు డిఫాల్ట్‌గా 30 నిమిషాలు. పనిని చిన్న మెసేజ్‌లుగా విడగొట్టండి, లేదా బ్రోకర్‌లో గడువు పెంచండి.