నత్త ఏ రకమో తెలుసుకోవడం ఎలా?

మా కోనసీమలో నత్త దొరికితే ముందు బోర్లా తిప్పి నోరు చూస్తాను. మూత ఉందా, లేదా? సగం పని అక్కడే అయిపోతుంది.

వరిచేలో, పంటకాలువలో కనిపించే పెద్ద గుండ్రటి నత్త పైలా. దీనికి గట్టి మూత ఉంటుంది. మొప్పా, ఊపిరితిత్తీ రెండూ ఉన్నాయి కాబట్టి నీళ్లలోనూ గట్టు మీదా బతికేస్తుంది. చేను ఎండితే మూత బిగించుకుని బురదలో దూరి వానల దాకా కదలదు. గట్టు తడిమట్టిలో తెల్లటి గుడ్ల ముద్ద కనిపిస్తే చాలావరకు దీనిదే.

మూత లేకపోతే, మొనతేలిన పల్చటి గుల్ల లిమ్నియాది. బిళ్లలా చపటగా చుట్టుకున్నది ఇండోప్లానార్బిస్. గేదెల కార్జపు జలగ (కాలేయంలో చేరే పరాన్నజీవి, లివర్ ఫ్లూక్) పిల్లలు లిమ్నియాలో పెరిగి, బయటికొచ్చి గట్టు గడ్డికి అంటుకుంటాయి. లిమ్నియా ఎక్కువున్న చెరువు గట్టున నేనైతే పశువుల్ని మేపను.

ఉప్పునీటి రకాలకు కోరింగ మడ అడవికి ఆటు సమయంలో వెళ్లండి. బురద మీద నల్లగా, పొడుగ్గా, శంకువులా ఉండేది టెలిస్కోపియం. మడచెట్ల కాండాలకు నీటికి పైన అతుక్కున్న చిన్నవి లిట్టొరేరియా. బూట్లు లేకుండా దిగొద్దు, మడ వేళ్లు గుచ్చుకుంటాయి. అభయారణ్యం కదా, ఫోటోలతో సరిపెట్టుకోండి.

సముద్రపు ఒడ్డున గుల్లలోంచి కీళ్ల కాళ్లు బయటికొస్తే అది నత్త కాదు, సన్యాసి పీత కాపురం పెట్టిందన్నమాట. ఆల్చిప్పకు బరమాతో తొలిచినట్టు గుండ్రటి చిల్లు ఉంటే నాటికా లాంటి వేటనత్త తిన్నదని అనుకోవచ్చు.