తప్పిపోయిన కుమారుని కథను సండే స్కూలు పిల్లలకు బోధించే విధానం

దేవుడు షరతులు లేకుండా ప్రేమిస్తాడని పిల్లలకు చెప్పడం సులభమే గాని, ఆ మాట వారికి నమ్మకం కలిగేలా చెప్పడం కష్టం. గుంటూరులో పదేళ్లు దాటిన పిల్లవాడు సోమవారం నుండి శనివారం దాకా మార్కులు, ర్యాంకుల మధ్యనే పెరుగుతున్నాడు. స్లిప్ టెస్టులో మార్కులు తగ్గితే ఇంట్లో ముఖాలు మారిపోతాయని వాడికి బాగా తెలుసు. ఆ లెక్కనే ఆదివారం చర్చికి కూడా వెంటబెట్టుకొని వస్తాడు. "మంచి పిల్లలంటే యేసయ్యకు ఇష్టం" అని నేనూ చాలాకాలం చెప్పాను. ఒక ఆదివారం ఆ మాట విన్న పాప ఒకతె క్లాసు అయ్యాక ఆగి, ఈ వారం తాను అబద్ధమాడానని, అయినా ప్రార్థన చేసుకోవచ్చా అని మెల్లగా అడిగినప్పుడు, నేను అన్నాళ్లూ నేర్పింది సువార్త కాదని తెలిసివచ్చింది.

ముందుగా లూకా సువార్త 15వ అధ్యాయాన్ని మొదటి వచనం నుండి చదివి సిద్ధపడండి. యేసు పాపులను చేర్చుకొని వారితో కలిసి భోజనం చేస్తున్నాడని ఆనాటి యూదుల మతపెద్దలైన పరిసయ్యులు, శాస్త్రులు సణిగారు. తప్పిపోయిన గొఱ్ఱె, పోయిన నాణెము, తప్పిపోయిన కుమారుడు అనే మూడు ఉపమానాలూ ఆ సణుగుడుకు ఆయన ఇచ్చిన జవాబు. ఈ సందర్భం చెప్పకుండా కథ మొదలుపెడితే, ఇల్లు విడిచి పోకూడదన్న నీతికథగానే అది పిల్లలకు గుర్తుండిపోతుంది. కథ క్లుప్తంగా ఇది: చిన్న కుమారుడు తండ్రి ఆస్తిలో తన పాలు తీసుకొని దూరదేశం పోయి, అంతా పాడుచేసి, పందులు మేపే స్థితికి దిగజారి ఇంటికి తిరిగి వస్తాడు; తండ్రి అతనికి విందు చేస్తే, ఇల్లు విడవని పెద్ద కుమారుడు కోపగించి లోపలికి వెళ్లనంటాడు.

తరువాత బోర్డు మీద 18, 19 వచనాలను ఒక పక్క, 21వ వచనాన్ని మరో పక్క పిల్లల చేతనే రాయించండి. పందుల దగ్గర కూర్చుని కుమారుడు సిద్ధం చేసుకున్న మాటల్లో మూడు భాగాలున్నాయి: పాపము చేశాను, నీ కుమారుడనని అనిపించుకోవడానికి యోగ్యుడను కాను, నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకో. తండ్రి ఎదుట నిలబడ్డాక అతడు పలికినవి మొదటి రెండే. ఏది తగ్గిందో పిల్లలనే వెదకనివ్వండి, మీరు అందించవద్దు. కూలి అడిగే మాట అతని నోట రాకముందే తండ్రి ప్రశస్త వస్త్రము, ఉంగరము, చెప్పులు తెమ్మంటున్నాడని వారు తామే కనుగొన్నప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు 20వ వచనంలో "ఇంకా దూరముగా ఉన్నప్పుడు" అన్న చోట గీత గీయించండి. కుమారుడు ఒక్క మాటైనా పలకకముందే తండ్రి పరుగెత్తాడు.

ఇక్కడ నేను రెండు గుప్పెళ్ల ఎండుమిర్చి తీసుకువెళతాను: ఒకటి మంచి ఎర్రటి కాయ, మరొకటి రంగు వెలిసిన తాలుకాయ. కళ్లంలో తాలును ఏరి వేరే కుప్పగా పోస్తారనీ, మిర్చి యార్డులో దానికి తక్కువ ధర పలుకుతుందనీ మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కర లేదు. మనుషుల ప్రేమ కూడా చాలావరకు ఇలాగే రంగు చూసి ధర కడుతుంది. దేవుని ప్రేమ తనకు ఇష్టమైనదాన్ని వెదకి కనుగొనేది కాదని, ప్రేమించి దాన్ని ఇష్టమైనదిగా చేసేదని ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ 1518లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో చెప్పాడు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ వచ్చిన నాటి నుండి లూథరన్ బోధ వింటున్న ఈ ఊరిలో కృప, అంటే అర్హత చూడని దేవుని ప్రేమ, అన్న మాటకు ఇంతకంటే తేటైన వివరణ నాకు దొరకలేదు.

అయితే ఏ తప్పు చేసినా పరవాలేదా అని పెద్ద పిల్లలు తప్పక అడుగుతారు. రోమా పత్రిక 6వ అధ్యాయం ఆరంభంలో పౌలు అదే ప్రశ్న వేసి, అట్లనరాదని జవాబిచ్చాడు. అది చదివించి ముందుకు సాగండి.

ఎక్కువ జాగ్రత్త వేరొక చోట కావాలి. తాగి వచ్చి కొట్టే తండ్రి ఉన్న పిల్లవాడికి "దేవుడు తండ్రి వంటివాడు" అన్న మాట భయాన్నే పుట్టించవచ్చు. అలాంటి పిల్లలున్న క్లాసులో యెషయా 49:15 కూడా చదవండి. అక్కడ దేవుడు తన ప్రేమను చంటిబిడ్డ తల్లి ప్రేమతో పోల్చి, ఆమె మరచినా తాను మరువనంటున్నాడు. ఆ పిల్లవాడిని అందరిలో ఏమీ అడగవద్దు. క్లాసు తరువాత పక్కన కూర్చోబెట్టుకొని, వాడు చెప్పింది వినండి; ఇంట్లో దెబ్బలు తింటున్నాడని తెలిస్తే అది ప్రార్థనతోనే వదిలేయక, సంఘ పెద్దలకు చెప్పి వాడికి రక్షణ దొరికేదాకా వెంటపడండి.

చివరగా పెద్ద కుమారుని దగ్గరకు రండి. ఇన్నేళ్లు సేవించాను, నీ ఆజ్ఞ ఎన్నడూ మీరలేదు, నాకు ఒక మేకపిల్లనైనా ఇయ్యలేదు అంటూ అతడు తన మార్కుల జాబితా చదువుతున్నాడు. క్రమం తప్పక వచ్చి, కంఠత వాక్యాలన్నీ అప్పజెప్పే పిల్లలు తమను ఇతనిలోనే చూసుకుంటారు కనుక అతన్ని దుష్టునిగా చూపవద్దు. తండ్రి విందు విడిచి బయటికి వచ్చి అతన్ని కూడా బ్రతిమాలుకున్నాడు. అతడు లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు, మీరూ చెప్పవద్దు. వెళ్లి ఉంటాడా అని ఒక్కొక్కరిని నోటు పుస్తకంలో రాసుకొని రమ్మని, వచ్చే ఆదివారం పాఠాన్ని ఆ జవాబులతోనే మొదలుపెట్టండి.