పాత స్లాబ్ బాగుచేత – 4వ పాఠం: ఊచ వెనక వేలు దూరాలి

పోయిన పాఠంలో స్లాబ్ లోపలి ఇనుప ఊచని కప్పిన పాడైన కాంక్రీటుని "తుప్పు కనబడేదాకా కొట్టండి" అని రాశాను. తప్పు నాదే. ఊచ ముందు వైపు కనబడగానే చాలామంది సుత్తి పక్కన పెట్టేశారు. వైర్ బ్రష్‌తో రుద్ది, సిమెంట్ పాలు పూసి, మాల్ మెత్తేశారు. పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంట్ మాల్) పాఠం వచ్చే వారానికి వాయిదా. ముందు ఈ గొడవ తేలాలి.

ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. పెచ్చులు ఊడేది ఆ ఉబ్బు వల్లే. ఊచ వీపున తుప్పు మిగిలితే మీరు మెత్తిన కొత్త మాల్‌ని కూడా అదే తోసేస్తుంది. అందుకే ఊచ వెనక 20–25 మి.మీ. ఖాళీ రావాలి. టేపు అక్కర్లేదు, చూపుడు వేలు వెనక్కి దూరితే చాలు. పొడవునా శుభ్రమైన ఇనుము కనబడ్డాక ఇంకో బెత్తెడు కొట్టండి. చిన్న పనికి నేను ఉలీ సుత్తే వాడతాను. బ్రేకర్ మెషిన్ అదురుకి బాగున్న కాంక్రీటు కూడా ఊచని వదిలేస్తుంది. కింద జాకీలు (స్లాబ్ బరువు మోసే ఆసరా గుంజలు) పెట్టకుండా ఎవరూ మొదలుపెట్టరనే అనుకుంటున్నాను.

"8 ఎం.ఎం. ఊచ 7కి వచ్చింది, ఒక్క మిల్లీమీటరేగా!" అని ఒకరు అడిగారు. బలం ఊచ మందంలో కాదు, కోత వైశాల్యంలో (ఊచని అడ్డంగా కోస్తే కనబడే ముఖంలో) ఉంటుంది. అది మందాన్ని మందంతోనే గుణించిన లెక్కన మారుతుంది. 8 ఎనిమిదులు 64, 7 ఏడులు 49. అంటే 23 శాతం పోయింది! 12 ఊచ 11కి వస్తే పోయేది 16 శాతమే. సన్న ఊచకే దెబ్బ ఎక్కువ. నష్టం 20 శాతం దాటితే పక్కన కొత్త ఊచ కట్టాల్సిందే, ఎంత పొడవు కట్టాలో ఇంజనీరు చెప్పాలి.

కాంక్రీటులో క్షారగుణం చూసే మందు ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు వచ్చిందని విశాఖ బీచ్ దగ్గరి ఇంటాయన సంబరపడ్డారు. కాంక్రీటులో క్షారగుణం పోలేదని మాత్రమే ఆ రంగు చెబుతుంది. ఊచకి తుప్పు పట్టించే ఉప్పు సంగతి దానికి తెలియదు. సముద్రం పక్కన క్లోరైడ్ పరీక్ష విడిగా చేయించాలి.

అభ్యాసం: ఒక గది సీలింగంతా సుద్దముక్కతో అడుగు చొప్పున గళ్లు గీయండి. ప్రతి గడినీ చిన్న సుత్తితో తట్టి, డొల్ల శబ్దం వచ్చినచోట గుర్తు పెట్టి, కాగితం మీదికి ఎక్కించండి. మెడ పట్టేస్తుంది. అయినా ఆ పటం లేకుండా 5వ పాఠం తెరవొద్దు.