పాత కారు సింగిల్ స్టేజ్ పెయింట్: పొడి రాలడం, మచ్చలు, గీతలు - సమస్య, పరిష్కారం

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాళ్ల మారుతి 800 లాంటి కార్లలో సాలిడ్ (లోహపు రేకులు లేని మామూలు) రంగులకు ఎక్కువగా సింగిల్ స్టేజ్ పెయింటే ఉండేది. రంగు, మెరుపు రెండూ ఒకే పొరలో ఉంటాయి. పైన క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పొర) ఉండదు కాబట్టి పాలిష్ చేసినప్పుడల్లా అరిగేది అసలు రంగే. అరిగింది మళ్లీ రాదు. అందుకే ఏ సమస్యకైనా ముందు మెత్తటి పద్ధతి వాడాలి, అది చాలకపోతేనే గట్టిదానికి వెళ్లాలి.

ముందు ఏ పెయింటో తేల్చుకోండి

ఇన్నేళ్లలో ఈ కార్లు ఒక్కసారైనా షెడ్డులో రంగు వేయించుకునే ఉంటాయి. బానెట్ మీద ఒక పెయింటు, రూఫ్ మీద ఇంకో పెయింటు ఉన్నా ఆశ్చర్యం లేదు. డోర్ లోపలి అంచు చూసి నిర్ధారించుకోకండి, అక్కడ కంపెనీ పెయింటు మిగిలి ఉండొచ్చు. ప్రతి ప్యానెల్‌కూ బయటివైపు కింది అంచున పరీక్షించాలి. తెల్ల కాటన్ గుడ్డ మీద కొంచెం పాలిష్ వేసి పదిహేనుసార్లు రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే అది సింగిల్ స్టేజ్. తెల్ల కారైతే పాలిష్ లేకుండా, తడిపిన నల్ల గుడ్డతో రుద్ది చూడండి.

రెండో పరీక్ష కూడా అవసరమే. బంపర్ వెనక కనపడని చోట ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ముంచిన దూదిని పది సెకన్లు అదమండి. రంగు కరిగి జిగురుగా దూదికి వస్తే అది ఎన్‌సీ పెయింటు. బాగా ఆరిన పీయూ (పాలీయురెథేన్) పెయింటు చెక్కుచెదరదు. ఎన్‌సీ మెత్తన, వేడికి త్వరగా లొంగుతుంది. దానిమీద మెషిన్ జోరుగా తిప్పకూడదు, ఘాటైన సాల్వెంట్లతో తుడవకూడదు.

రంగు వెలిసింది, చెయ్యి రాస్తే పొడి అంటుతోంది

కారణం: ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పైపొరలోని రెజిన్ (రంగును పట్టి ఉంచే జిగురు పదార్థం) చెడిపోతుంది. దాని పట్టు సడలి రంగు పొడిగా రాలుతుంది. ఎర్ర కార్లు ముందు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఎండ నేరుగా పడే రూఫ్, బానెట్, డిక్కీ ముందు దెబ్బతింటాయి, డోర్లు చాలాకాలం బాగుంటాయి.

ఇక్కడే ఎక్కువమంది నేరుగా రబ్బింగ్ కాంపౌండ్ (గరుకైన పాలిష్) అందుకుంటారు. ఎండిపోయి పెళుసుగా ఉన్న పొర మీద అది అవసరానికి మించి కోసేస్తుంది. ముందు పెయింటుకు నూనె పట్టించాలి.

కారును షాంపూతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. చేత్తో తడిమితే గరుకుగా తగిలిన చోట తడి మీద క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్ద) తేలిగ్గా నడపండి. తర్వాత రాపిడి పొడి లేని, నూనెలున్న గ్లేజ్ తీసుకోండి. మెగ్వయర్స్ నంబర్ 7ను ఈ పనికి ఏళ్లుగా వాడుతున్నారు. టర్కీ టవల్ ముక్క మీద బానెట్‌కు రెండు మూడు చెంచాల చొప్పున పోసి, తడిగా మెరిసేలా గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు బాగానే వస్తుంది, కంగారుపడకండి. అది ఇప్పటికే ఊడిపోయిన పొడి. 12 నుంచి 24 గంటలు నీడలో అలాగే వదిలేసి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. మచ్చలు మచ్చలుగా పీల్చుకుని మళ్లీ పాలిపోతే ఇంకోసారి పట్టించండి. చాలా కార్లకు రంగు లోతు ఈ దశలోనే తిరిగొస్తుంది.

ఆ తర్వాతే మెషిన్. 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేటున్న డ్యుయల్ యాక్షన్ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే ఊగే మెషిన్), మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫైన్ పాలిష్ చాలు. అంచులు, బాడీ లైన్లు, రబ్బరు బీడింగ్‌ల మీద మాస్కింగ్ టేపు వేయండి. 45 సెంటీమీటర్ల చదరానికి నాలుగు చిన్న చుక్కలు, స్పీడు 3 లేదా 4, అడ్డంగా నిలువుగా కలిపి నాలుగు సార్లు. ఒక చదరం అవగానే ప్యాడ్‌ను బ్రష్‌తో శుభ్రం చేయాలి. రంగు నిండిన ప్యాడ్ పాలిష్ చేయదు, బురద పూసినట్టు పూసి గీతలు పెడుతుంది. కారు మొత్తానికి కనీసం నాలుగైదు ప్యాడ్లు దగ్గర పెట్టుకోండి.

పాలిష్ వెంటనే ఎండిపోయి దుమ్ములా లేస్తోంది

లోహం వేడెక్కింది. బానెట్ మీద అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే పని మొదలుపెట్టొద్దు. మన ఎండాకాలంలో ఈ పనికి తెల్లవారుజామే మంచిది, అదీ నీడలో.

మెరుపు నెల తిరక్కుండానే పోయింది

గ్లేజ్ మీద వ్యాక్స్ వేయకపోవడం ఒక కారణం. నూనె ఆవిరై, కడుగుళ్లకు పోయి పెయింటు మళ్లీ పొడిబారుతుంది. రెండోది కిరోసిన్ లేదా డీజిల్ గుడ్డతో తుడిచే అలవాటు. ఆ పూటకు నిగనిగలాడుతుంది, కానీ ఉన్న వ్యాక్స్‌ను కరిగించేస్తుంది. మిగిలిన జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది, మర్నాడు దాన్నే పొడిగుడ్డతో తుడిస్తే సన్నటి గీతలు. ఈ అలవాటు ఈ రోజే మానేయండి.

అంచుల దగ్గర బూడిదరంగో ఇటుకరంగో కనిపిస్తోంది

అది ప్రైమర్, అంటే రంగు కింద వేసే పూత. అక్కడితో ఆపేయాలి. అంచుల మీద పెయింటు పల్చగా ఉంటుంది, మెషిన్ ఒత్తిడంతా అక్కడే పడుతుంది. చిన్న చోటైతే టచప్ పెయింటు, పెద్దదైతే ప్యానెల్‌కు మళ్లీ రంగు. వేరే మందు లేదు.

తెల్లటి నీటి మరకలు

బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే నీరు ఆవిరై కాల్షియం, మెగ్నీషియం లవణాలు మిగులుతాయి. తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి గుడ్డతో ఒక నిమిషం అద్ది, మంచినీళ్లతో కడిగేయండి. పోకపోతే ఫైన్ పాలిష్. బాత్రూమ్ టైల్స్ కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వద్దు.

మెటాలిక్ రంగు మచ్చలుగా, మబ్బుగా మారింది

సింగిల్ స్టేజ్ మెటాలిక్‌లో అల్యూమినియం రేకులు రంగుతోపాటే ఉంటాయి. పైపొర అరిగితే అవి బయటపడి, గాలి తగిలి నల్లబడతాయి. గుడ్డకు బూడిదనలుపు అంటుతుంటే కాంపౌండ్ ఆపండి. గ్లేజ్, వ్యాక్స్‌లతోనే సర్దుకోవాలి.

పగుళ్లు, బుడగలు

బీటలు పెయింటు లోతుదాకా ఉంటాయి, కాంపౌండ్ వాటిలో ఇరుక్కుని తెల్లగా మరింత కనిపిస్తుంది. బుడగ కింద సాధారణంగా తుప్పు ఉంటుంది. అయస్కాంతం పట్టకపోతే కింద పుట్టీ మందంగా ఉన్నట్టు. మూడింటికీ గీకి, మళ్లీ రంగు వేయడమే దారి.

రంగు వేయించేముందు ఒక జాగ్రత్త: డ్యాష్‌బోర్డు మెరవడానికి కొట్టే సిలికాన్ స్ప్రే బాడీ మీద పడి ఉంటే కొత్త పెయింటు చేపకళ్లలా గుంటలు పడుతుంది. స్ప్రే చేసే మనిషికి ముందే చెప్పి, వ్యాక్స్ రిమూవర్‌తో తుడిపించండి.

పని అయ్యాక

కార్నౌబా (ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే) వ్యాక్స్ వీలైనంత పల్చగా పూయండి. మందంగా పూస్తే తుడవడం కష్టమవుతుందే తప్ప రక్షణ పెరగదు. బయట నిలబడే కారుకు రెండు నెలలకోసారి, ఎండాకాలంలో ఇంకా ముందే వేయాలి. నీళ్లు పోస్తే బొట్లు కట్టకుండా పరుచుకుంటే వ్యాక్స్ అయిపోయినట్టే. సిరామిక్ కోటింగ్‌కు మాత్రం ఉపరితలంలో నూనె ఉండకూడదు. గ్లేజ్ పట్టించిన పాత పెయింటుకు అది సరిగా అతకదు, నూనె తీసే సాల్వెంట్ ఎన్‌సీని దెబ్బతీస్తుంది. గట్టి పీయూ రీపెయింట్ అయితేనే ఆలోచించండి.

కవరు కప్పేటట్లయితే గాలాడే బట్టది కొనండి. ప్లాస్టిక్ కవరు కింద వానాకాలం తేమ నిలిచి పెయింటు ఉబ్బుతుంది. దుమ్ముతో ఉన్న కారు మీద ఏ కవరూ కప్పకండి, గాలికి అది కదిలినప్పుడల్లా గీతలు పడతాయి.